గోల్ఫ్ క్లబ్బు కింద పశువుల బీడు

స్కాట్లాండుకు పడమట, అట్లాంటిక్ సముద్రంలో సౌత్ యూయిస్ట్ అని ఒక దీవి ఉంది. ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు ముప్ఫై అయిదు కిలోమీటర్లు. పడమటి ఒడ్డున అస్కర్నిష్ అనే పల్లె. పల్లె అంటే మన పాలేల్లా ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండదు, ఎవరో విసిరేసినట్టు ఇక్కడొక కొంప, అక్కడొక కొంప. ఆ పల్లెకు 1891లో గోల్ఫ్ క్లబ్బు వచ్చింది. తర్వాత పోయింది. ఎంతగా పోయిందంటే, పద్దెనిమిది హోల్స్‌లో (బంతిని చేర్చాల్సిన గుంటల్లో) చాలావాటి జాడ ఊళ్లోవాళ్లకే తెలియకుండా పోయింది.

గూడూరు వాళ్లకు గోల్ఫ్ గొడవ ఎందుకంటారా? గ్లాస్గోలో కాపురం పెట్టిన కొత్తలో నాకూ అక్కర్లేదు. కానీ ఈ దేశంలో భూమి ఎవరిది అన్న తగువు ఆ గడ్డి మీద కనిపించినంత తేటగా నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

మన చిల్లకూరు, కోట పక్క తెల్లటి ఇసుక తెలుసు కదా, గాజు ఫ్యాక్టరీలకు లారీల్లో పోయేది. యూయిస్ట్ ఇసుకా తెల్లనిదే. కానీ పిడికెడు తీసి చూస్తే అందులో సగం గవ్వల పొడి. సున్నం ఉన్న నేల కాబట్టి గడ్డి దట్టంగా, పొట్టిగా పెరుగుతుంది. ఎంత వాన కురిసినా నీళ్లు నిలవవు. దీవిలో తక్కినదంతా కాలు దిగబడే నల్లటి బాడవ, రాళ్లు, కొండలు. ఓట్స్, బంగాళాదుంపలు వేసుకోవాలన్నా, చలికాలంలో పశువుల్ని తోలుకోవాలన్నా ఒడ్డునున్న ఈ ఇసుక బీడే దిక్కు. దీన్ని వాళ్లు మాహర్ అంటారు. గోల్ఫ్ బంతికీ సరిగ్గా ఇలాంటి నేలే కావాలి. ఆవూ బంతీ ఒకే నేలకు ఆశపడ్డాయి. పేచీ అంతా అక్కడే.

దీవిని మొదట క్లాన్‌రనల్డ్ వంశపు దొరలు ఏలేవారు. సముద్రపు పాచిని కాల్చి, ఆ బూడిదను సబ్బు, గాజు చేసేవాళ్లకు అమ్మడం వాళ్ల రాబడి. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక బూడిద ధర పడిపోయింది, దొరలు అప్పులపాలయ్యారు. 1838లో క్లూనీ గోర్డన్ అనే ఆసామి దీవిని కొన్నాడు. 1846లో బంగాళాదుంపకు తెగులొచ్చి జనం పస్తులున్నారు. పస్తులున్న జనం వల్ల శిస్తు రాదు. 1851 ఒక్క ఏడాదిలోనే తన దీవుల నుంచి పదిహేను వందలమందికి పైగా కుటుంబాలతో సహా ఓడలెక్కించి కెనడాకు పంపించేశాడు. రామని మొండికేసినవాళ్లను కట్టి ఈడ్చుకెళ్లారని సాక్ష్యం చెప్పినవాళ్లున్నారు. ఖాళీ అయిన ఊళ్లు గొర్రెల ఫారాలయ్యాయి.

ఆ గోర్డన్ కోడలే లేడీ గోర్డన్ క్యాత్‌కార్ట్. 1932లో పోయేదాకా అర్ధ శతాబ్దం పైగా దీవికి ఆమే యజమానురాలు. అక్కడ కాలు పెట్టింది మాత్రం ఒక్కసారేనని చెప్పుకుంటారు. గోల్ఫ్ పెట్టించింది ఈవిడే. రైళ్లొచ్చి, మలయా చెట్ల జిగురుతో చేసిన చౌక బంతులొచ్చి, గోల్ఫ్ ఊరూరా పాకుతున్న కాలమది. సెయింట్ ఆండ్రూస్ నుంచి టామ్ మోరిస్‌ను పిలిపించారు. ఓపెన్ పోటీ నాలుగుసార్లు గెలిచిన మనిషి, అప్పటికి డెబ్బై ఏళ్లు. మట్టి తవ్వి పోసే యంత్రాలు లేవు. ఇసుక దిబ్బల మధ్య తిరిగి, గాలి ఎటునుంచో చూసుకుని, సహజంగా పళ్లెంలా ఉన్న చోటల్లా గుర్తు పెట్టుకుంటూ పోవడమే పని.

గోల్ఫ్ రావడానికి కొన్నేళ్లు వెనక్కి వెళితే, మనకు తెలిసిన పెద్దమనిషి ఒకాయన కనిపిస్తాడు. మద్రాసులో కూవం మీది నేపియర్ వంతెన చూసే ఉంటారు. ఆ నేపియర్ ప్రభువు 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరు, అంటే మన నెల్లూరు జిల్లాకూ ఏలిక. రైత్వారీ ఏమిటో, జమీందారీ ఏమిటో ఫైళ్లలో చూసిన మనిషి. క్రాఫ్టర్లనే ఈ చిన్న కౌలురైతుల గోడు వినడానికి 1883లో వేసిన కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడు. యూయిస్ట్‌కూ వచ్చి సాక్ష్యాలు తీసుకున్నాడు. పల్లెను ఒక సముదాయంగా గుర్తించి, ఉమ్మడి మేతబీడు మీద దానికి హక్కు ఇవ్వాలని నివేదికలో రాశాడు. మన దక్షిణాది ఊళ్లను చూసిన కన్నే అలా రాయించిందని నా నమ్మకం. ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి, 1886 చట్టంలో ఒక్కొక్క రైతుకు విడివిడిగా భద్రత ఇచ్చింది. ఇష్టం వచ్చినట్టు బేదఖలు చేయకూడదు, కౌలు న్యాయంగా ఉండాలి, అంతే. భూమి లేనివాడికి ఏమీ దక్కలేదు. 1908లో లేడీ క్యాత్‌కార్ట్‌కే చెందిన వాటర్సే దీవిలో గుడిసెలు వేసుకున్న పదిమంది జైలుకు పోయారు.

క్లబ్బు ఫలానా రోజున మూతపడిందని చెప్పలేం. చదునుగా ఉన్న ముక్కలో 1930లలో విమానాలు దిగేవి. యజమానులు మారారు. దిబ్బల్లోని హోల్స్‌ను కుందేళ్లు తవ్వాయి, పశువులు మేశాయి. కొద్దిమంది పట్టుదలగా ఒక తొమ్మిది హోల్స్‌ను ఎలాగో నడుపుకొచ్చారు. 2005లో గోర్డన్ ఇర్విన్ అనే మైదానాల నిపుణుడు చేపలు పట్టడానికి వచ్చి, ఇక్కడ టామ్ మోరిస్ మైదానం ఉండేదని విని దిబ్బల్లోకి వెళ్లాడు. పాత పటం ఏదీ దొరకలేదు. మోరిస్ అయితే గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎక్కడ పెట్టి ఉంటాడని ఊహించుకుంటూ నేలను చదవాల్సి వచ్చింది. తిరిగి తేలిన పద్దెనిమిదీ మోరిస్‌వేనా అంటే, అచ్చంగా అవేనని ఎవరూ ప్రమాణం చేయలేరు. 2008లో మళ్లీ తెరిచారు.

2005కూ 2008కీ మధ్యలోనే అసలు సంగతి జరిగింది. మనవైపు వెంకటగిరి ఎస్టేటులాంటివన్నీ 1948 మద్రాసు చట్టంతో పోయాయి. ఎస్టేటు రైతుల గోడు చెప్పడానికి నెల్లూరులో ‘జమీన్ రైతు’ పత్రికే నడిచింది. ఇక్కడ అలాంటి రద్దు ఎన్నడూ జరగలేదు. భూమి పోగొట్టుకున్నవాళ్ల మనవలైనా సరే, డబ్బు పోసి కొనుక్కోవాల్సిందే. 2003 భూసంస్కరణ చట్టం వచ్చాక దారి కాస్త సులువైంది. 2006 నవంబరులో దీవివాసులు స్టోరస్ ఇవిష్ట్ అనే తమ కంపెనీ పేరిట 93,000 ఎకరాల ఎస్టేటును 45 లక్షల పౌండ్లకు కొన్నారు. అందులో చాలా భాగం లాటరీ నిధులూ సర్కారు సొమ్మూ. నేపియర్ అడిగిన ఊరుమ్మడి నూట ఇరవై ఏళ్లు ఆలస్యంగా, కొనుగోలు దస్తావేజు రూపంలో వచ్చింది.

దాంతో తగువు తీరిందనుకుంటే పొరపాటు. గోల్ఫ్ దిబ్బల్లోకి విస్తరిస్తే మా మేత హక్కు ఏమవుతుందని కొందరు క్రాఫ్టర్లు స్కాట్లాండ్ భూమి కోర్టుకెక్కారు. తీర్పు గోల్ఫ్ వైపు వచ్చింది. పశువులు మాత్రం చలికాలంలో ఇప్పటికీ అక్కడే మేస్తాయి. దొరసాని కాలంలో అయితే ఎదుటి పక్షం ఎవరో స్పష్టంగా ఉండేది. ఈసారి ప్రతివాది ఊరి కంపెనీ, అందులో సభ్యత్వం దీవిలో ఓటున్న ప్రతివాడికీ తెరిచే ఉంది.