కారమడై రామబాణము – మన విలువిద్య

కోయంబత్తూరు నుండి మేట్టుపాళయం పోవు దారిలో కారమడై ఉన్నది. అక్కడి రంగనాథస్వామి సన్నిధిలో ఒక విశేషం కలదు. తక్కిన విష్ణ్వాలయాలలో భక్తుల శిరస్సుపై శఠారి ఉంచుతారు. ఇక్కడ రామబాణం ఉంచుతారు. ఆయుధమే ఆశీస్సయిన ఈ చోట, మన పెద్దల విలువిద్యను ఒకసారి స్మరించుకొనుట ఉచితం.

1520 ప్రాంతాన విజయనగరం చూచిన పోర్చుగీసు యాత్రికుడు పాయిష్, రాయలవారి సేనలో బంగారు, వెండి రేకులు తాపిన విండ్లు పట్టిన విలుకాండ్రను వర్ణించినాడు. 1529లో విశ్వనాథ నాయకుడు మధుర పాలన చేపట్టినాడు. ఆయన నెలకొల్పిన పాళెములలో పాళెగాడు కప్పము కట్టుటయే గాక సైన్యమును కూడ పంపవలసి ఉండెను. నాగలి పట్టిన ఇంటనే ఆయుధమూ ఉండెడిది.

విల్లు వంచుటకు భుజబలం ఒక్కటే చాలునని పలువురి తలంపు. అగ్నిపురాణంలోని ధనుర్వేదం అట్లనదు. నాలుగు మూరల విల్లు, పన్నెండు పిడికిళ్ల బాణం ఉత్తమమని చెప్పి, అది పాదాల సంగతి వివరిస్తుంది. పాదాల నడుమ మూడు జానల ఎడముతో, మోకాళ్లు బిగించి నిలుచుట వైశాఖం. కుడి మోకాలు, తొడ బిగబట్టి అయిదు జానల ఎడముతో నాగలి ఆకృతిలో నిలుచుట ఆలీఢం. దానికి మారుగా నిలుచుట ప్రత్యాలీఢం. సేద్యగాండ్రమైన మనకు ఆ నాగలి పోలిక వేరే చెప్పనక్కరలేదు.

పిమ్మట దేహం సంగతి. రొమ్ము ఎత్తి, భుజాలు సడలించి, మెడ కదలక, తల నెమలివలె నిలుపవలె. గడ్డమునకు, భుజమునకు నడుమ ఎడము మొదట మూడంగుళాలు, తరువాత రెండు, చివరకు ఒకటి కావలెనట. భుజం బిగిస్తే చేయి వణకును. మెడ కదలితే చూపు చెదరును. చూపు చెదరితే గురి తప్పును. ఇంత కొలత పెట్టుటకు కారణం ఇదే.

ఆ విద్య మన చేతులనుండి జారినది. 1799లో కట్టబొమ్మనను కయత్తారులో ఉరితీసిరి. 1801 డిసెంబరులో మద్రాసు ప్రభుత్వం దక్షిణ పాళెములవారు ఆయుధాలు అప్పగించవలెనని శాసించినది. విల్లు శిల్పాలకు, ఉత్సవాలకు పరిమితమయినది. తిరునెల్వేలి చెంత కృష్ణాపురం ఆలయ స్తంభాలలో చెరకువిల్లు మన్మథుని నేటికీ చూడవచ్చును.

అయినను విద్య నశించలేదు. విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణ పతకాలు గెలిచినది. ఆమె పట్టిన కాంపౌండు విల్లుకు కప్పీలుండును. లోహమూ, యంత్రమూ కొత్తవి. కాని స్థిరమైన పాదాలు, సడలిన భుజాలు, కదలని మెడ నేటి శిక్షకులు నేర్పు మొదటి పాఠాలే.

ఈ సంవత్సరాదినాడు మన పిల్లలను కారమడై తీసికొనిపోయినప్పుడు, శిరస్సు తాకిన బాణం కథతోపాటు దానిని వేయువాడు ఎట్లు నిలువవలెనో కూడ చెప్పుదము. గురి, అమ్ము, అల్లెత్రాడు అను మాటలు వారి నోట నిలుచును. కాళ్లు నిలదొక్కుకొన్నవానికే గురి కుదురుతుంది. పరసీమలో వేళ్లూనిన మనకు ఈ పాఠం విల్లుకు మాత్రమే చెందినది కాదు.