ఇసుక వైపు తిప్పండి

గోమ్‌షాల్ స్టేషన్‌లో రైలు దిగుతున్నారు. లండన్‌కు నైరుతిగా, సర్రే కొండల మధ్య ఉన్న చిన్న ఊరిది. జనవరి ఉదయం. రాత్రంతా కురిసిన వాన ఇప్పుడే వెలిసింది. సైకిల్ కిందికి దించేలోపే చలి గ్లవ్స్‌లోకి దూరి వేళ్లను కొరుకుతోంది. ఉత్తరాన ఒక కొండ వరస, దక్షిణాన ఇంకోటి. రెండూ దగ్గరే. ఎటు వెళ్దాం?

ముందు ఉత్తరం. అటువైపువి నార్త్ డౌన్స్ కొండలు. రోడ్డు వదిలి బాటలోకి దిగగానే బూడిదరంగు బంకమట్టి టైరును పట్టుకుంటుంది. పది గజాలు పోయేసరికి టైరుకీ ఫోర్కుకీ మధ్య సందు పూడుకుపోయింది. చక్రం తిరగదు. వానకు నానిన నల్లరేగడి చేలో సైకిల్ తోసుకెళ్లినవాళ్లకు ఈ బాధ తెలుసు. పుల్లతో మట్టి గీకేసి ఇంకాస్త పైకి తోస్తే నేల తెల్లబడుతుంది. హమ్మయ్య, గట్టినేల. ఎక్కి ఒక్క తొక్కు తొక్కుతారు. వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముందు చక్రం పక్కకు పోతుంది. మోకాలు నేలకు తగులుతుంది.

ఇది సుద్దరాయి. ఎండాకాలంలో దీని మీద హాయిగా దూసుకుపోవచ్చు. తడిస్తే మాత్రం పైపొర మెత్తబడుతుంది, అడుగున రాయి గట్టిగానే ఉంటుంది. టైరు పళ్లకు పట్టు దొరకదు. పంతానికి పోవద్దు. వెనక్కి తిప్పండి.

దక్షిణంగా, పీస్‌లేక్ ఊరి మీదుగా హోమ్‌బరీ కొండకు. తారురోడ్డు అయిపోయి పైన్ చెట్ల కిందికి రాగానే చప్పుడు మారుతుంది. పచపచ పోయి కరకర. వంగి ఒక పిడికెడు మట్టి తీసి నలపండి. ఉండ కట్టదు. వేళ్ల సందుల్లోంచి రాలిపోతుంది. అదే వాన ఇక్కడా కురిసింది కదా, మరి నీళ్లేవి? కిందికి ఇంకిపోయాయి. ఈ కొండ ఇసుకరాయిది. పడిన వాన అడుగున ఉన్న బంకమట్టి పొర దాకా దిగి, కొండ పాదాల దగ్గర ఊటలై బయటికొస్తుంది. శీతాకాలంలో సైకిల్‌కి బాట వెతికేటప్పుడు నేను మ్యాపులో దూరం కన్నా ముందు నేల రకం చూస్తాను. మీరూ అలాగే చూడండి. సగం రోజు మిగులుతుంది.

కొండ ఎత్తు సముద్రమట్టానికి 261 మీటర్లు. ఊపిరి పొగలై బయటికొస్తోంది. శిఖరం మీద ఇనుపయుగం నాటి కోట మట్టిగట్లు. వాటి పక్కన ఆగి టైర్లలో గాలి కొంచెం తగ్గించండి. టైరు నేలకు మరింత ఆనుతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి రిమ్ము దెబ్బతింటుంది.

ఇక దిగుడు. మొదటి మలుపు సులువు. రెండోదీ సులువే. వేగం పెరుగుతుంది. కళ్లలోకి బురద చిమ్ముతుంది. ఎదురుగా చెట్టు వేర్లు. తడిగా ఉన్నాయి. ఏటవాలుగా ఉన్నాయి. బ్రేకు ఇప్పుడే నొక్కండి. వేరు రాకముందే. చాలు. వదిలేయండి. హ్యాండిల్ తిప్పొద్దు. కాళ్లు వదులుగా. చూపు దూరంగా. టక్. వెనక చక్రం జారింది. పట్టు బిగించొద్దు. దానంతటదే సర్దుకుంటుంది. దాటేశారు.

గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, మలుపులో గుర్రం! ఆగండి. పూర్తిగా. గుర్రం మీదున్నావిడకు గట్టిగా గుడ్ మార్నింగ్ చెప్పండి. హెల్మెట్ పెట్టుకున్న ఆకారం మనిషేనని గొంతు వింటే గుర్రానికి తెలుస్తుంది. నీలం బాణం గుర్తున్న గుర్రపుబాటల్లో సైకిళ్లకు 1968 చట్టం హక్కు ఇచ్చింది. నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలన్న షరతూ పెట్టింది. పసుపు బాణం నడకదారిది, సైకిల్‌కి ఆ హక్కు లేదు.

కొంచెం కిందికి వెళ్తే బాట నిండా నీటి గుంట. పక్కనున్న గడ్డి మీదుగా తప్పించుకోవాలనిపిస్తుంది. వద్దు. ఒక్కొక్కరూ అలా తప్పుకోబట్టే రెండడుగుల బాట రెండు గజాలవుతుంది. హర్ట్‌వుడ్ అనే ఈ అడవి ప్రైవేటు ఆస్తి. 1926లో దాని యజమాని రెజినాల్డ్ బ్రే జనం వచ్చి తిరగడానికి దీన్ని తెరిచాడు. ఆ ఔదార్యం మీద మనం గాట్లు పెట్టకూడదు. గుంట మధ్యలోంచే పోండి. చన్నీళ్లు బూట్లలోకి దిగుతాయి. దిగనివ్వండి.

ఇప్పుడు చీలిక. ఎడమ బాట దక్షిణంగా, వీల్డ్ మైదానంలోకి జారిపోతోంది. చూడ్డానికి బాగుంది, వేగంగా ఉంది. నాలుగడుగులు నడిచి చూడండి. బూటు లోపలికి దిగబడి చప్పుడుతో బయటికొచ్చింది. మళ్లీ బంకమట్టి. నేల గడ్డకట్టిన రోజయితే పొద్దున్నే ఇక్కడ తొక్కొచ్చు, ఎండ తగిలేలోపు బయటపడాలి. ఇవాళ మంచు లేదు. కుడి బాట చెట్ల కింద నుంచి మళ్లీ పైకి వెళ్తోంది. ఎక్కుడు కష్టమే, కానీ కింద ఇసుకుంది. నాలుగు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. ఇంకో దిగుడుకు వేళ ఉంది. గేరు తగ్గించండి, కుడివైపుకి ఎక్కుదాం.