సోఫా అడుగున కుట్టిన చట్టం

కాలిఫోర్నియాలో పాత సోఫాను పక్కకు ఒరిగించి అడుగున చూస్తే ఒక తెల్లటి గుడ్డముక్క కుట్టి ఉంటుంది. లోపలి ఫోము ఆ రాష్ట్రం పెట్టిన టెక్నికల్ బులెటిన్ 117 పరీక్షలో నెగ్గిందని దాని మీద అచ్చు వేసి ఉంటుంది. దిండు జిప్పు తీస్తే మూలల్లో ఫోము పసుపుబారి, వేళ్ళతో నులిమితే పొడిపొడిగా రాలుతుంది. ఆ లేబులుకూ ఈ పొడికీ ఉన్న చుట్టరికం బయటపడడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఇంట్లో దుమ్ము ఉందంటే తప్పు ఊడ్చేవాళ్ళ మీదికి నెట్టడం మనకు అలవాటు. ప్లాస్టిక్ వచ్చాక ఆ దుమ్ములో చేరిన రసాయనాల చరిత్ర చదివితే, తప్పు చీపురు పట్టిన చేతిది కాదని తెలుస్తుంది. అది పరీక్షను పెట్టకూడని చోట పెట్టిన చేతిది.

పాలీయురేథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. 1950ల నుంచి అది మెత్తటి ఫోముగా మారి సోఫాల్లో దూదినీ గుర్రపు వెంట్రుకలనూ తోసేసింది. చవక, తేలిక, కానీ అంటుకుంటే భగ్గున మండుతుంది. అమెరికాలో అప్పట్లో సోఫాలు తగలబడి మనుషులు చనిపోవడానికి పెద్ద కారణం సిగరెట్టు: కాలుస్తూ కాలుస్తూ నిద్రలోకి జారుకునేవారు. పీల్చకపోతే దానంతట అదే ఆరిపోయే సిగరెట్టు ఒక పరిష్కారం. పొగాకు కంపెనీలు దానికి అడ్డుపడి, ఫర్నిచరునే మండకుండా చేయమనే వాదనకు అండగా నిలిచాయి. 1975లో కాలిఫోర్నియా పెట్టిన ఆ బులెటిన్ 117 నియమం ప్రకారం, పైగుడ్డ లేని ఫోము చిన్న మంటకు 12 సెకన్లు తట్టుకోవాలి. అందుకు తేలిక దారి ఫోములో రసాయనం కలపడం. తర్వాతి దశాబ్దాల్లో ఎక్కువగా వాడిన పెంటాబీడీఈ అనే బ్రోమిన్ మిశ్రమం ఫోము బరువులో నూటికి 3 నుంచి 6 వంతులు ఉండేది. ఆ ఒక్క రాష్ట్రపు బజారే అంత పెద్దది గనుక, వేరే రాష్ట్రాలకు వేరుగా తయారుచేసే శ్రమ ఎందుకని చాలామంది తయారీదారులు దేశమంతటికీ అదే సరుకు పంపారు.

ముందు హెచ్చరికలు లేవని అనడానికి వీల్లేదు. 1973లో మిషిగన్‌లో ఇదే బ్రోమిన్ కుటుంబానికి చెందిన పీబీబీ పొరపాటున పశువుల దాణాలో కలిసింది. దాదాపు 30,000 పశువులను చంపి పూడ్చాల్సి వచ్చింది. 1977 జనవరిలో శాస్త్రవేత్తలు ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ 'సైన్స్' పత్రికలో, పిల్లలు రాత్రి వేసుకునే బట్టలకు పట్టించే ట్రిస్ అనే రసాయనం జన్యువులను మారుస్తుందనీ, క్యాన్సరు కలిగించవచ్చనీ రాశారు. కొద్ది నెలల్లోనే ప్రభుత్వం దాన్ని ఆ బట్టల్లో నిషేధించింది. బదులుగా వచ్చిన క్లోరిన్ ట్రిస్‌నూ ఆ ఇద్దరే పరీక్షించి అలాంటి గుణమే ఉందని చూపడంతో అదీ బట్టల నుంచి తప్పుకుంది. ఒంటి మీది చొక్కా గురించి అంత త్వరగా మేలుకున్నవాళ్ళు, ఆ ఒళ్ళు రోజంతా ఆనుకునే సోఫా గురించి మాత్రం ఆలోచించలేదు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

పెంటాబీడీఈ ఫోములో కలిసి ఉంటుందే గానీ దానితో ముడిపడదు. కూర్చున్నప్పుడల్లా, లేచినప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికొచ్చి దుమ్ములో చేరుతుంది. మొదటి ఆనవాలు స్వీడన్‌లో దొరికింది. స్టాక్‌హోమ్‌లో 1972 నుంచి 1997 వరకు దాచిన తల్లిపాల నమూనాల్లో డీడీటీ తగ్గుతూ ఉంటే, ఈ బ్రోమిన్ రసాయనాలు సుమారు ఐదేళ్ళకోసారి రెట్టింపయ్యాయి. తర్వాత అమెరికా తల్లుల పాలు పరీక్షిస్తే యూరప్ కంటే పది రెట్లకు పైగా కనిపించాయి. 2008లో వెలువడిన ఒక అధ్యయనం కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్, బొలీనస్ ఊళ్ళలో 49 ఇళ్ళ దుమ్ము పరీక్షించి, ఉత్తర అమెరికాలో మిగతా చోట్ల కంటే 4 నుంచి 10 రెట్లు ఎక్కువగా ఉన్నాయని చెప్పింది. ఆ ఇళ్ళవాళ్ళు ఊడ్చుకోక కాదు, ఆ నియమం పుట్టిన రాష్ట్రంలో ఉన్నందుకు.

దుమ్ములో ఉండేది రవ్వంతే కదా, అంత రవ్వను పట్టే యంత్రాలు వచ్చాయి గనుక భయపడుతున్నామని కొందరంటారు. పాకే పిల్లవాణ్ణి ఒక పూట గమనిస్తే జవాబు దొరుకుతుంది. అరచేతులు నేల మీద, మరుక్షణం నోట్లో. అమెరికన్ల ఒంట్లోకి ఈ రసాయనాలు చేరే ప్రధాన మార్గం తిండి కంటే దుమ్మేనని లెక్కలు తేల్చాయి. ఒంటి బరువుతో చూస్తే పసివాళ్ళకు చేరేది పెద్దల కంటే ఎక్కువ. కాలిఫోర్నియాలోని సలినాస్ లోయలో వ్యవసాయ కూలీల కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులకు, గర్భంతో ఉన్నప్పుడు తల్లి రక్తంలో ఇవి ఎక్కువగా ఉంటే బిడ్డకు ఏకాగ్రత తగ్గడంతో సంబంధం కనిపించింది. సంబంధం ఉన్నంత మాత్రాన కారణం అదేనని తేలదు, నిజమే. కానీ రుజువయ్యేదాకా ఆగుదామనే మాట, ఫోములో కలపడానికి ముందు ఎవరికీ గుర్తురాలేదు.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది: మంటల్లో చనిపోవాల్సినవాళ్ళను ఇవి కాపాడాయి కదా అని. అదే నిజమైతే నేను తలవంచుతాను. కానీ సోఫాలో ఫోము బయట ఉండదు, గుడ్డ లోపల ఉంటుంది. గుడ్డ అంటుకుని మంట లోపలికి చేరేసరికి అది పరీక్షలోని చిన్న మంట కాదు, పెద్ద జ్వాల. దాన్ని ఈ రసాయనం ఆపలేదు. వినియోగ వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఇలాంటి ఫోమునూ మామూలు ఫోమునూ కాల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరణాలు తగ్గిన మాట వాస్తవమే; ధూమపానం తగ్గింది, పొగను పసిగట్టే అలారాలు వచ్చాయి, 2004లో న్యూయార్క్‌తో మొదలై దానంతటదే ఆరే సిగరెట్టు ఒక్కో రాష్ట్రంలో తప్పనిసరి అయింది. పొగాకు కంపెనీలు అడ్డుకున్నది చివరికి అదే.

పెంటాబీడీఈ తయారీ అమెరికాలో 2004 చివర ఆగింది. దాని చోట్లోకి వచ్చినవాటిలో, పిల్లల బట్టల నుంచి వెళ్ళిపోయిన క్లోరిన్ ట్రిస్ ఉంది. 2011లో కారు సీట్లు, పాలిచ్చేటప్పుడు ఒళ్ళో పెట్టుకునే దిండ్ల వంటి పసిపిల్లల సామాన్లలోంచి 101 ఫోము ముక్కలు పరీక్షిస్తే, 80 ముక్కల్లో మంటనిరోధక రసాయనాలు ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువసార్లు దొరికింది అదే ట్రిస్. రసాయనాల పేర్లు మారాయి గానీ పరీక్ష మారలేదు. 2014 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త నియమం పరీక్షను ఫోము మీది నుంచి పైగుడ్డ మీదికి మార్చి, చిన్న మంటకు బదులు నిప్పు రాజుకోకుండా ఉంటే చాలంది. రసాయనం లేకుండానే అందులో నెగ్గవచ్చు. 2020 నుంచి కొత్త ఫర్నిచరులో ఈ రసాయనాలను కాలిఫోర్నియా నిషేధించింది. ఆ లోపు అమ్మిన సోఫాలు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. చదువుకోసం అక్కడికి వెళ్ళిన మన పిల్లలు అద్దె గదికి సెకండ్ హ్యాండ్ సోఫా తెచ్చుకునే ముందు, దాన్ని ఒకసారి ఒరిగించి ఆ తెల్ల గుడ్డముక్క మీద తేదీ చదవాలి.