కట్ట మైసమ్మ: గండి పడే చోట కాపలా

గ్రామదేవతల మీద ఏది రాసినా హెన్రీ వైట్‌హెడ్‌తో మొదలుపెట్టడం మనకు ఆనవాయితీ అయిపోయింది. మద్రాసు బిషప్‌గా ఉన్న ఆయన దక్షిణ భారత గ్రామదేవతల మీద 1916లో పుస్తకం వేశారు. ఈ అమ్మవార్లకు ప్రకృతి మహాశక్తులతో పనిలేదని, కలరా, మశూచి, పశువుల రోగాలే వీళ్ళ పరిధి అని తేల్చారు. వందేళ్ళు దాటినా మన సిద్ధాంత గ్రంథాల మొదటి అధ్యాయాలు ఆ మాటనే తిప్పి తిప్పి రాస్తున్నాయి. పోచమ్మ వరకు అది చెల్లుతుందేమో. కట్ట మైసమ్మ దగ్గర చెల్లదు.

వైట్‌హెడ్ పుస్తకంలో బలి తంతుకు దక్కినన్ని పుటలు గుడి నిలిచిన స్థలానికి దక్కలేదు. నా వాదమంతా ఆ స్థలం మీదే. తెలంగాణ చెరువుల వెంట తిరిగినప్పుడు మైసమ్మ నాకు తరచు తూము పక్కనో, మత్తడి దాపునో కనిపించింది. నడుమెత్తు గూడు, పసుపు పూసిన రాయి, వేపమండలు, ఎండిపోయిన నిమ్మకాయలు, పక్కన నల్లబడిన కొబ్బరిచిప్పలు. మట్టికట్టలో రాతి తూము కలిసే అతుకు వెంట నీరు ఊరుతుంది. ఆ ఊట మట్టిని కూడా లాక్కొస్తే బుంగ పడుతుంది, బుంగ గండి అవుతుంది. ఆషాఢ శ్రావణాల్లో బోనాలెత్తుకుని, చెరువు నిండాక గంగమ్మకు చీర, పసుపుకుంకుమలు పట్టుకుని ఊరు ఊరంతా అక్కడికే వస్తుంది. నీరటి ఒక్కడే చూడవలసిన తడిమచ్చ అందరి కళ్ళలోనూ పడుతుంది.

అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం కథ ఇంకా సూటిగా చెబుతుంది. చెరువు తెగబోతుంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇమ్మని అశరీరవాణి పలికిందట. ఆమె తనంత తాను గండిలోకి దిగింది. కట్టమంచి రామలింగారెడ్డి ఈ కథనే 'ముసలమ్మ మరణము'గా కావ్యం చేశారు. విమర్శకులు అందులోని కరుణరసం గురించి ఎంతో రాశారు. గండి గురించి పట్టించుకున్నవారు నాకు కనిపించలేదు. ఈ కథలో రోగం లేదు, మహమ్మారి లేదు. నీటి ఒత్తిడి ఉంది, దానికి ఆగని మట్టి ఉంది, ఆ చోట ఒక ఆడమనిషి దేవతై నిలిచిపోవడం ఉంది. వైట్‌హెడ్ సూత్రంలో ముసలమ్మను ఎక్కడ ఇరికిస్తారు?

కోటగోడల దగ్గరా మైసమ్మ ఉంది కదా అంటారు. కాపలా కాయవలసిన గోడ అక్కడ రాతిది, అంతే తేడా. హుస్సేన్‌సాగర్ దిగువన ఆయకట్టు ఏనాడో ఇళ్ళయిపోయినా కట్ట మైసమ్మకు బోనాలు ఆగలేదు. కాబట్టి కట్ట మైసమ్మ ఆరాధన పుట్టుకే చెరువు కాపలాలో ఉందని, రోగాల పని ఆమెకు తర్వాత వచ్చి చేరిందని నా నిర్ణయం.

గ్రామదేవతల జాబితాలను ఇకనైనా కులాలవారీగా, రోగాలవారీగా కాక ఆయకట్టులవారీగా తయారుచేయాలి. ముందు తూముల దగ్గరి గూళ్ళు నమోదు కావాలి. కట్ట వెడల్పు చేసేటప్పుడు గూడును పదడుగులు పక్కకు జరిపితే చాలు, ఈ వాదానికున్న ఆధారం పోతుంది.