చదునుమొన స్థూపం నుంచి కంప్యూటర్ గణన దాకా

వేగంగా దూసుకువచ్చిన లోహఖండం గట్టి పలకను ఢీకొని నలిగే ఘటన సెకనులో పదివేలవ వంతులోనే ముగిసిపోవచ్చు గనుక, జరిగినదాన్ని మిగిలిన రూపాన్ని బట్టే తెలుసుకోవలసి వచ్చేది. దీనికి బ్రిటిష్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ 1948లో ప్రచురించిన పత్రంలో ఒక మార్గం చూపారు. చదునైన మొన గల స్థూపాన్ని కదలని లక్ష్యంపైకి పేల్చినప్పుడు తాకిన కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, వెనుక భాగం మాత్రం చెక్కుచెదరకుండా మిగులుతుంది; ఆ పొడవులు కొలిచి, లోహం శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే ప్రతిబలాన్ని, అంటే ఈల్డ్ స్ట్రెస్‌ను, లెక్కగట్టవచ్చు. మెల్లగా నొక్కినప్పటికంటే వేగంగా కొట్టినప్పుడు చాలా లోహాలు గట్టిగా ఎదురునిలుస్తాయి కాబట్టి ఈ కొలత అవసరమైంది.

వస్తువును చిన్న గడులుగా విభజించి నలుగుడును క్షణక్షణం గణించే పద్ధతికి మూలసూత్రం కంప్యూటర్లకు ముందే, 1928లో, కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లేవీల పత్రంలో వెలువడింది. దాని సారమేమంటే, గణనలోని ఒక్కో కాలపుటడుగు ప్రతిబల తరంగం ఒక గడిని దాటే సమయాన్ని మించరాదు. ఉక్కులో ఆ తరంగం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు పోతుంది గనుక, 1 మిల్లీమీటరు గడికి అడుగు సెకనులో 50 లక్షలవ వంతే. గడి అంచును సగం చేస్తే గడులు 8 రెట్లు, అడుగులు 2 రెట్లు అయి, మొత్తం శ్రమ 16 రెట్లవుతుంది.

అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో, తక్కువ ఎత్తు నుంచి జారవిడిచిన బాంబు నేలను తాకే తీరును లెక్కించడానికి, జాన్ హాల్‌క్విస్ట్ 1976లో డైనా3డి ప్రోగ్రామును రూపొందించారు. ఆయన 1987లో స్థాపించిన సంస్థ ద్వారా అది ఎల్‌ఎస్-డైనాగా విస్తరించి, కార్ల ఢీ పరీక్షల గణనలో ప్రసిద్ధి పొందింది. ఇలాంటి ప్రోగ్రాములలో శ్రమ తగ్గించడానికి ప్రతి గడిలోనూ ప్రతిబలాన్ని మధ్యబిందువు వద్ద మాత్రమే లెక్కించే పద్ధతి వాడుకలోకి రాగా, దానితోపాటే ఒక లోపమూ వచ్చింది: గడులు ప్రతిఘటనేదీ లేకుండా డమరుకం ఆకారంలోకి వంగిపోయేవి, కాబట్టి అవర్‌గ్లాసింగ్ అనే ఈ వికారాన్ని అణచే కృత్రిమ బలాలను చేర్చవలసి వచ్చింది.

అయినా తెరపై కనిపించే ఆకృతిని నమ్మాలంటే లోహపు స్వభావం సరిగా తెలియాలి. వేగమూ వేడిమీ లోహబలాన్ని ఎలా మారుస్తాయో చెప్పే సూత్రాన్ని 1983లో ప్రతిపాదించిన జాన్సన్, కుక్‌లు, తమ గణనఫలితాలను సరిచూసుకోవడానికి మళ్లీ పుట్టగొడుగైన ఆ స్థూపాన్నే ఎంచుకున్నారు.