విద్యార్థుల వర్గీకరణ: వయసు, స్థాయి

పిల్లలను తరగతులుగా విడదీయడానికి బడులు రెండు కొలతలు వాడుతూ వచ్చాయి: ఒకటి వయసు, రెండోది వచ్చిన చదువు. ఆరేళ్లకు ఒకటో తరగతి, పదేళ్లకు ఐదో తరగతి అన్న లెక్క అనాదిగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, అది పాతుకుపోయింది పందొమ్మిదో శతాబ్దంలోనే.

మన వీధిబడి లెక్క వేరు. బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 నివేదిక ప్రకారం ఆ జిల్లాలోని 533 బడుల్లో 226 తెలుగువి. పిల్లలను ఐదో ఏట బడిలో వేసేవారు. బడిలో సాధారణంగా నాలుగు తరగతులు ఉండేవి. కింది తరగతులను కొంతవరకు పెద్ద పిల్లలు, పై తరగతులను పంతులు చూసుకునేవారు. పై తరగతికి పోవాలంటే కావలసింది వయసు కాదు, చదువు అబ్బడం. అలాగని ఆ కాలాన్ని మరీ పొగడనక్కరలేదు: జనాభాలో వెయ్యికి ఏడుగురు కూడా బడిలో లేరని ఆ నివేదికే చెబుతోంది. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతి మాత్రం సముద్రాలు దాటింది. మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ అక్కడ పిల్లల చేతే పిల్లలకు చదువు చెప్పించి, ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో అచ్చు వేయించాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరుపడింది.

వయసు తరగతికి నమూనా ప్రష్యా. 1843లో అక్కడి బడులు చూసివచ్చిన అమెరికా విద్యావేత్త హొరేస్ మాన్ ఆ నమూనాను తన దేశంలో ప్రచారం చేశాడు. 1848లో బోస్టన్‌లో తెరిచిన క్విన్సీ పాఠశాలలో 12 గదులు, గదికి 56 బల్లలు, ఒక్కో గదికి ఒక్కో టీచర్. వేలమందిని ఒకేసారి చదివించాల్సిన ప్రభుత్వాలకు ఇంతకన్నా సులువైన ఏర్పాటు దొరకలేదు.

తెలివి పరీక్షలతో స్థాయి విభజన తిరిగొచ్చింది. 1920లో డెట్రాయిట్ ఒకటో తరగతి పిల్లలను మూడు గుంపులు చేసింది. 1944 చట్టం తరువాత ఇంగ్లండులో పదకొండేళ్లకు రాసే ఒక్క పరీక్ష ఏ బడికి వెళ్లాలో తేల్చేది. వాషింగ్టన్ బడుల్లో ఈ విభజన పేద, నల్లజాతి పిల్లలను కింది వరసలోనే ఉంచేస్తోందని 1967లో కోర్టు దాన్ని రద్దు చేసింది.

అయితే కెన్యాలో 121 బడుల్లో జరిగిన అధ్యయనం ఇంకో మాట చెప్పింది. ఒకటో తరగతిని మార్కుల ప్రకారం రెండుగా విడదీసిన బడుల్లో వెనకబడినవాళ్లూ బాగుపడ్డారు. టీచరు పాఠాన్ని వాళ్ల స్థాయికి దింపి చెప్పడమే కారణమని పరిశోధకుల వివరణ.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడులు మూడో దారి తీశాయి. ఒకే గదిలో వేర్వేరు వయసుల పిల్లలు. పాఠమంతా చిన్న చిన్న కార్డులుగా మారి, మెట్లుమెట్లుగా నిచ్చెనలా ఉంటుంది. కోతల రోజుల్లో బడి మానిన పిల్ల తిరిగొచ్చాక, ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. కర్ణాటక బడుల ‘నలి కలి’ పద్ధతి, తమిళనాడు కార్డుల బోధన ఇక్కడి నుంచే పుట్టాయి. 2009 విద్యాహక్కు చట్టం మాత్రం బడి మానినవాళ్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, ప్రత్యేక శిక్షణ ఇవ్వమంది.

తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో మార్కులను బట్టి సెక్షన్లు వేయడం మామూలే. మంచి లెక్చరర్లు పై సెక్షన్లకే పోతుంటారు కాబట్టి, ఇది వెనకబడినవాళ్ల స్థాయికి దిగి చెప్పే ఏర్పాటు కాదు, ర్యాంకుల ప్రకటనల కోసం చేసే ఏరివేత.