గాంధీ సినిమాలో లేని ఊరు

ఆ పుల్ల ఇంకాస్త లోపలికి తొయ్యరా, పొగంతా కళ్ళలోకొస్తోంది. ఏమన్నావూ, గాంధీ సినిమా అంత గొప్పది మళ్ళీ రాలేదనా? 1982 నుంచీ వింటున్నా ఆ మాట. ఎనిమిది ఆస్కార్లొచ్చాయి. గుంటూరు వెళ్ళి మేమూ చూశాం. బెన్ కింగ్‌స్లే నడకా, నవ్వూ అచ్చం బాపూయే. ధారాసనలో సత్యాగ్రహులు వరసకట్టి లాఠీ దెబ్బలు తింటుంటే మీ నాయనమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. అయినా నాకు మనసు నిండలేదు. బయటికొచ్చి అందరూ ఆహా ఓహో అంటుంటే మాట్లాడకుండా బస్సెక్కా.

గాంధీగారి అంతిమయాత్ర సీనుకి మూడు లక్షల మందిని పోగేశారట. ఆ మూడు లక్షల్లో ఒక్కడి ఇల్లెక్కడో, ఆ పూట వాడి పొయ్యి మీద ఏముందో సినిమా చెప్పదు. జనమంటే ఆయన వెనక నడిచే గుంపు, అంతే. మా నాయన నోట నేను విన్న స్వరాజ్యం అట్లా లేదురా.

1921లో నాయనకి తొమ్మిదేళ్ళు. అప్పటికే మన చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు అమాంతం పెంచేశారు. నేతపని వాళ్ళు ఎక్కడ తెచ్చి కడతారు? ఎడింబరోలో చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు రామదండు అనే సేవాదళం పెట్టి జనాన్ని కూడగట్టారు. గాంధీగారు చీరాల వచ్చి, ఊరు వదిలి వెళ్ళడమూ ఒక దారేనన్నారు. జనం ఇళ్ళకి తాళాలేసి పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు.

మా తాత గుంట మగ్గం విప్పి, అచ్చూ నాడెలూ సగం నేసిన పడుగూ బండికెత్తాడు. ఆ ఇసక నేలలో మగ్గానికి గుంట తవ్వితే తెల్లారేసరికి పూడిపోయేదట. చుట్టూ తాటి పట్టెలు దిగ్గొట్టి మళ్ళీ తవ్వేవాడు. గుంటలో దిగి చేటతో ఇసక ఎత్తిపోయడం నాయన పని. వానకి పాక కారితే పడుగు తడవకూడదని మా నాయనమ్మ తన చీరలన్నీ దాని మీద కప్పి, తను తడుస్తూ కూర్చుందట. అట్లా దాదాపు పదకొండు నెలలు!

గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టాక పట్టు సడలింది. చేతిలో డబ్బాడక ఒక్కో కుటుంబమూ తిరిగొచ్చింది. ఓడిపోయారని ఎవరైనా అంటే నాయన వాళ్ళ గడప తొక్కేవాడు కాదు.

ఆ సినిమాలో ఆ రోజులంటే విదేశీ బట్టల మంట, ఆ తర్వాత చౌరీచౌరా హింస. మూడు గంటలు దాటిన సినిమాలో అంబేద్కర్ గారే కనబడరు, ఇక మన చీరాల ఎక్కడ? అన్నీ పట్టవు, ఒప్పుకుంటా. నా బాధ అది కాదు. గాంధీగారి ఒక్క మాటకి ఇల్లూవాకిలీ వదిలిన మనిషి ముఖం ఒక్కటి దగ్గరగా చూపించి ఉంటే ఆ మాట బలమేంటో తెలిసేది. ఆయన్ని పెద్దగా చూపడానికి జనాన్ని చిన్న చేశారు.

మీరు ఫోన్లలోనే సినిమాలు తీస్తున్నారుగా. తీస్తే ఆ పదకొండు నెలలు తీయండిరా. గాంధీగారు అందులో ఒక్క పూట కనబడితే చాలు.